గిన్నెలత్త సంచి

స్క్రిప్టు నూట పన్నెండో పేజీ దగ్గరకొచ్చేసరికి మీటరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇదేంటి? దొంగ గిన్నెలత్తా?"

ఒక పేజీ వెనక్కి తిప్పింది, రెండు పేజీలు ముందుకి తిప్పింది. ఎక్కడో పొరపాటు పడి ఉంటుందన్న ఆశ ఆ రెండు పేజీలతో పోయింది. పొరపాటేమీ లేదు. తాళం వేసిన ఇంట్లో పిల్లని దాచిపెట్టింది పక్కింట్లో గిన్నెలు తోముకునే ఆవిడేనని నల్లటి అక్షరాలతో టైపు చేసి మరీ ఉంది. బల్లకి అటువైపు కూర్చున్న డైరెక్టరు టీ కప్పు కింద పెట్టి, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా మర్యాదగా నవ్వాడు.

"ట్విస్టండీ. చూసేవాళ్ళెవరూ ఊహించరు."

"ఊహించకపోవడమేంటయ్యా! ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా జనం మొట్టమొదట ఊహించేది పనిమనిషినే. నేను ఆ పుస్తకం రాసిందే అందుకు."

ముప్పై ఏళ్ళుగా ఆమె ఉద్యోగం ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి అంకెలు రాసుకోవడం. అసలు పేరు పుస్తకం అట్ట మీదా, జీతం కాగితం మీదా తప్ప ఇంకెక్కడా వినబడదు. వీధుల్లో చిన్నా పెద్దా అందరికీ ఆమె మీటరమ్మే. మీటరు అద్దంలో చిన్న ఎర్ర చక్రం ఒకటుంటుంది. లోపల ఏ కుళాయి విప్పినా అది తిరుగుతుంది. ఒకరోజు తాళం వేసి ఉన్న ఇంటి ముందు మూత ఎత్తి చూస్తే ఆ చక్రం గిరగిరా తిరుగుతోంది. నిజానికి లోపల గొట్టం పగిలింది, అంతే. కానీ ఆ క్షణంలో ఆమె ఒళ్ళు జలదరించింది. ఆ జలదరింపే 'పదిహేడో నంబరు ఇంట్లో నీళ్ళు' అనే పిల్లల నవలయింది. మీటర్లు చూసే ఆవిడ కూతురు, ఇద్దరు స్నేహితులు కలిసి, ఎత్తుకుపోయిన పిల్లని ఆ ఎర్ర చక్రం సాయంతో కనిపెడతారు. దొంగ ఎవరంటే, ఊరంతా చేతులెత్తి దణ్ణం పెట్టే అనాథాశ్రమం పెద్దాయన. ఖాళీ ఇంటి తూములోంచి పాలగిన్నె కడిగిన తెల్లటి నీళ్ళు వస్తున్నాయని పసిగట్టి పిల్లలకి చెప్పేది గిన్నెలత్త. పిల్లల పుస్తకాల్లో ఆ ఏటి పెద్ద బహుమతి దానికే వచ్చింది. తర్వాత రేడియో నాటకమైంది, బొమ్మల కథయింది, స్టేజి ఎక్కింది. ఇప్పుడు సినిమా.

"మరి ఆశ్రమం పెద్దాయన ఏమయ్యాడు?" అని అడిగింది మీటరమ్మ.

"ఆయన ఇప్పుడు మంచివాడండీ. చివర్లో పిల్లని కాపాడేది ఆయనే."

"షూటింగు ఎక్కడ చేస్తున్నారు?"

డైరెక్టరు కప్పులోకి చూశాడు. "ఒక ఆశ్రమంలోనండీ. వాళ్ళ చైర్మన్‌గారు పెద్ద మనసుతో భవనమంతా ఇచ్చారు."

"అదీ సంగతి! ఆయనకి మనసు పెద్దదైతే మా గిన్నెలత్త దొంగైపోయిందన్నమాట."

"అలా కోపగించుకోకండి. విత్తనం మీ పుస్తకంలోనే ఉంది కదండీ. పదకొండో అధ్యాయంలో పిల్లలు ఆమెని అనుమానించి సంచి వెతకరూ? మేం ఆ అనుమానాన్ని చివరిదాకా తీసుకెళ్ళాం, అంతే."

"అది వేరు! అక్కడ పిల్లలు పొరపాటు పడ్డారు. సంచిలో సగం కొరికిన బిస్కెట్లు దొరికాయి, అందరూ నవ్వుకున్నారు, అయిపోయింది. ఆ హాస్యం గురించి బహుమతి ఇచ్చినవాళ్ళు ప్రత్యేకంగా రాశారు కూడా!"

డైరెక్టరు వాదించలేదు. ఒక కాగితం ముందుకి జరిపాడు. కథని ఎలాగైనా మార్చుకునే హక్కు వాళ్ళకి ముందే ఇచ్చేసింది. కానీ దొంగనే మారిస్తే పుస్తకం పేరూ, ఆమె పేరూ తెర మీద వేసుకోవడానికి విడిగా సంతకం కావాలని అప్పట్లో పబ్లిషరు పట్టుబట్టి రాయించాడు. ఆ సంతకం కోసమే ఈ కాగితం. శుక్రవారం సాయంత్రం లోపు కావాలట.

"మీరు చూస్తే ఇలా మండిపడుతున్నారు గానీ, మీ పిన్నిగారు మాత్రం ఎంత బాగా సహకరిస్తున్నారో! రోజూ పొద్దున్నే తయారుగా ఉంటారు" అన్నాడు డైరెక్టరు, ఆమె లేచి నిలబడుతుంటే.

ఐదు రోజులుగా పిన్ని కోసం ఇంటి ముందుకి కారు వస్తోంది. గిన్నెలు తోమడం నటికి నేర్పించాలన్నారు. గిన్నెలత్త ఎవరో కాదు, పిన్నే కదా, అంతకన్నా ఏం కావాలని మీటరమ్మ మురిసిపోయి తనే పంపింది. పిన్ని చేతి పనితనమంతా ఒక దొంగకి అతికిస్తున్నారని ఆ ముసలిదానికి ఎవరు చెప్పాలి?

---

సాయంత్రం కారు వచ్చి ఆగింది. డ్రైవరు తలుపు తీసేదాకా పిన్ని దిగలేదు. ఐదు రోజుల్లో ఆ అలవాటొకటి పట్టుకుంది.

"చూశావా, తలుపు కూడా మనం తీసుకోనక్కర్లేదు. కాళ్ళు కింద పెట్టడమే మన పని" అంటూ మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. డెబ్భై రెండేళ్ళు. నలభై ఏళ్ళ పాటు ఇళ్ళల్లో గిన్నెలు తోమి, అక్క పోయాక అక్క కూతుర్ని తన సంపాదనతో చదివించింది. చదువు మాత్రం తనకి రాలేదు. నవల మొత్తం మీటరమ్మ చదివి వినిపించిందే.

"ఇవాళ ఏం నేర్పావు?" అని అడిగింది మీటరమ్మ, పొయ్యి వైపు తిరిగి.

"మాడిన పాలగిన్నె. గోకకూడదు, నానబెట్టాలి, అంచు నుంచి లోపలికి రావాలి. ఆ పిల్ల బుద్ధిమంతురాలే. అంత పెద్ద నటి, నా పక్కన పీట మీద కూర్చుని గోళ్ళలో మసి పోయేదాకా తోమింది." పిన్ని మంచం మీద కాళ్ళు చాపుకుంది. "ఇన్నాళ్ళకి నా వేషం మనిషి చేతిలో పడింది. రేడియోలో పిల్లి గొంతు పెట్టారు. బొమ్మల పుస్తకంలో పీపాలా గీశారు. నాటకంలోనైతే మీసాలు మొలుస్తున్న కుర్రాడికి ఆడవేషం కట్టారు."

ఇంకెప్పుడైనా అయితే మీటరమ్మ పడీపడీ నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు. "కథ ఏం చేస్తున్నారో నీకేమైనా చెప్పారా?"

"కథకేం? నువ్వు రాసిందేగా. అన్నం పెట్టు, ఆకలేస్తోంది."

చెప్పలేకపోయింది. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ పిన్ని చెయ్యి గాలిలో కనబడని గిన్నె చుట్టూ తిరుగుతూ, ఆ నటి మణికట్టు ఎక్కడ తప్పు తిప్పిందో చూపిస్తోంది. అంత సంబరంగా ఉన్న మనిషి మీద బకెట్ నీళ్ళు గుమ్మరించడానికి మీటరమ్మకి చేతులు రాలేదు. ఆ కోపం కూడా డైరెక్టరు ఖాతాలోనే వేసుకుని గరిటె గట్టిగా కొట్టి వడ్డించింది.

---

బుధవారం ఎండ మండుతోంది. అంతకన్నా ఎక్కువగా మీటరమ్మ మండుతోంది. ఆ వీధిలో మొదటి ఇంటాయన మీటరు మూత మీద మట్టితో నిండిన పూలతొట్టి పెట్టాడు. రెండో ఇంటాయన కారే పెట్టాడు. మామూలుగా అయితే గంట కొట్టి, నవ్వుతూ అడిగి, తనే ఒక చెయ్యి వేసి జరిపేది.

"మీటరు మీద తొట్టి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ? మీకు చెవులున్నాయా, లేక అవి కూడా పూలతొట్లేనా?"

ఆయన బిత్తరపోయి, కిమ్మనకుండా తొట్టి జరిపాడు. మీటరమ్మ కొక్కెంతో ఇనుప మూత ఎత్తి, గోతిలోకి వంగి, తడిగుడ్డతో అద్దం తుడిచి అంకెలు రాసుకుంది. వీధి చివర బడి పిల్లలు నలుగురు కనబడ్డారు. ఆమెని చూడగానే ఎప్పటిలాగే ఒకటే అరుపు:

"గిన్నెలత్త, గిన్నెలత్త! బిస్కెట్ల దొంగ!"

పదకొండో అధ్యాయంలో పిల్లలు పాడే పాట అది. నవల చదివిన పిల్లలకి ఇంకేం గుర్తున్నా లేకపోయినా అది గుర్తుంటుంది. మీటరమ్మ ఎప్పుడూ చెయ్యి ఊపేది. ఇవాళా ఊపింది గానీ, అందులోని దొంగ అన్న మాట మొదటిసారి చెవిలో ముల్లులా గుచ్చుకుంది. అదీ ఆ డైరెక్టరు పుణ్యమే అనుకుంది.

మధ్యాహ్నం పబ్లిషరు దగ్గరికి వెళ్ళింది. ముందు గదిలో పుస్తకాల షాపు, వెనక గదిలో కాగితం కట్టల మధ్య ఆయన. ఆమె మాట్లాడేలోపే ఒక అట్టబొమ్మ తీసి చూపించాడు. కొత్త ముద్రణకి తయారుచేసిన అట్ట. గిన్నె పట్టుకుని నటి, వెనక ముగ్గురు పిల్లలు, పైన మీటరమ్మ పేరు ఇంతింత అక్షరాల్లో.

"నాలుగేళ్ళయింది కాపీలు అయిపోయి. సినిమా వస్తుందంటేనే మళ్ళీ అచ్చు. నీ పేరు తెర మీద లేకపోతే ఈ అట్టా లేదు, పుస్తకమూ లేదు" అన్నాడు.

"వాళ్ళు గిన్నెలత్తని దొంగని చేస్తున్నారండీ!"

"విన్నాను. బాధగానే ఉంది. కానీ ఆలోచించమ్మా. సినిమా ఒక నెల ఆడి పోతుంది. పుస్తకం ఉంటుంది. సినిమా చూసిన పిల్లలు పుస్తకం కొని, అసలు దొంగెవరో తెలుసుకుంటారు. నీళ్ళలో ఉండి మొసలితో వైరం ఏంటి? సంతకం పెట్టేయ్."

"పుస్తకం కొననివాళ్ళో?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచివాడే. ఇరవై రెండేళ్ళ క్రితం మీటర్ల కాగితాల వెనక రాసుకొచ్చిన నవలని, మనిషి ఎవరని అడక్కుండా, రెండు రోజుల్లో చదివి అచ్చువేసినవాడు. ఆయన్ని తిట్టడానికి లేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"సంతకం పెడితే మా పిన్ని దొంగ. పెట్టకపోతే పుస్తకం చచ్చిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాగుందండీ మీ అందరి న్యాయం!" అనేసి బయటికొచ్చింది.

---

గురువారం సెలవు పెట్టింది. అటో ఇటో తేల్చుకోవాలి. ముందు పిన్నిని అక్కడి నుంచి తీసుకొచ్చేయాలి, ఆ తర్వాత మాట.

ఆశ్రమం వెనక వరండాలో షూటింగు. నేల మీద పాముల్లా వైర్లు, ఇనుప స్టాండ్ల మీద దీపాలు, మధ్యలో కుళాయి, గిన్నెల గుట్ట. కెమెరా పక్కన పెద్ద చేతుల కుర్చీలో పిన్ని కూర్చుని ఉంది. ఒళ్ళో చేతులు పెట్టుకుని, ముందుకి వంగి, కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. ఎవరో సైగ చేసి మీటరమ్మని గుమ్మం దగ్గరే ఆపారు.

నటి గిన్నెలు తోముతోంది. మణికట్టు సరిగ్గా తిరుగుతోంది. అంచు నుంచి లోపలికి. పిన్ని చేతులే. ముగ్గురు పిల్లలు మెల్లగా వచ్చి, మూలనున్న గుడ్డసంచి లాగారు. అందులోంచి చిన్న పిల్ల చెప్పు ఒకటి బయటపడింది. నటి తోమడం ఆపింది. లేవలేదు, అరవలేదు. తడిచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తల తిప్పి, ఆ పిల్లలవైపు చూసింది. ఒక్క చూపు. ముగ్గురిలో చిన్నది నిజంగానే రెండడుగులు వెనక్కి వేసి స్టాండుకి తగులుకుంది. వరండాలో అంతమంది ఉన్నారు, ఎవ్వరూ దగ్గలేదు కూడా.

"కట్" అన్నాడు డైరెక్టరు.

మీటరమ్మ ఇంక ఆగలేదు. వైర్లు దాటుకుంటూ తిన్నగా కుర్చీ దగ్గరికెళ్ళింది.

"లే పిన్నీ. ఇంటికి పోదాం."

"ఉండవే. ఇంకొకసారి తీస్తారట."

"తియ్యనీ, తగలెయ్యనీ! వీళ్ళు నిన్ను ఏం చేస్తున్నారో నీకు తెలుసా? నీ చేత నేర్పించుకుని నీ ముఖానే మసి పూస్తున్నారు! కారు, కుర్చీ, మర్యాదలు, అన్నీ ఇందుకే! దొంగవి నువ్వే పిన్నీ ఈ కథలో!"

నటి చేతులు తుడుచుకుంటూ లేచింది. పిన్ని మాత్రం కుర్చీ చేతులు పట్టుకుని, నింపాదిగా నిలబడి, చుట్టూ ఉన్నవాళ్ళకి 'ఏమనుకోకండి' అన్నట్టు తలూపింది.

"పద" అంది.

గేటు బయట అరుగులాంటి పొట్టి గోడ ఉంది. మోకాళ్ళ నొప్పితో పిన్ని అక్కడే కూలబడింది.

"నాకు తెలుసే. మొదటిరోజే తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"ఆ నటే. పీట మీద కూర్చోకముందే చెప్పింది. 'అమ్మా, ఇందులో నేను దొంగని. మిమ్మల్ని చూసి చేస్తే మీకు బాధేమో. వద్దంటే మానేస్తాను' అంది. అడిగింది. అందుకే ఒప్పుకున్నాను."

"అడిగితే మాత్రం ఒప్పుకోవడమేనా! నీకు సిగ్గనిపించలేదా? కోపం రాలేదా? వాళ్ళకి నీ పనంతా ఎలా నేర్పబుద్ధేసింది?"

"గిన్నెలు తోమడం దానికి నేర్పక్కర్లేదు. వాళ్ళమ్మా ఇళ్ళల్లో చేసిందేనట. రెండో రోజుకే నాకన్నా బాగా తోమింది." పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను నేర్పింది ఆ చూపు."

మీటరమ్మకి అర్థం కాలేదు.

"సంచి తీసినప్పుడు పిల్లలవైపు చూసిందే, ఆ చూపు. మూడు రోజులు పట్టింది. ముందు ఏడుపు ముఖం పెట్టింది. కాదన్నాను. తర్వాత కళ్ళు పెద్దవి చేసింది. అదీ కాదన్నాను. 'చేతులు మోకాళ్ళ మీద పెట్టుకో, ఏం మాట్లాడకు, ఊరికే చూడు' అన్నాను. ఇవాళ కుదిరింది."

"ఎందుకు పిన్నీ?"

"ఎందుకా? రేడియోలో నా సంచి తీశారు, నవ్వారు. బొమ్మల పుస్తకంలో తీశారు, పొట్టలు పట్టుకుని నవ్వుతున్నట్టు గీశారు. నాటకంలో తీసినప్పుడు హాలు హాలంతా నవ్వింది. నువ్వు నా పక్కనే కూర్చుని నవ్వావు. ఈ సినిమాలో ఒక్కదాంట్లోనే ఎవరూ నవ్వలేదే. దొంగనైతే అయ్యాను. భయపడ్డారు, చూశావుగా? ఆ చిన్నది వెనక్కి పోయింది."

"అది సరదాగా రాశాను పిన్నీ. పిల్లల పుస్తకం కదా. కాస్త అనుమానం ఉండాలి, కాస్త నవ్వుండాలి. గిన్నెలత్త మంచిదని చివరికి తేలుతుందిగా!"

"తేలుతుంది. పిల్లలు నా సంచి నేల మీద గుమ్మరించి, బిస్కెట్ల దొంగ అని పాట కట్టి ఎగిరారు. తర్వాత మంచిదాన్నని తేలింది. తప్పయిందని వాళ్ళెక్కడైనా అన్నారా? పుస్తకమంతా రెండుసార్లు చదివించుకున్నాను. రెండోసారి ఎందుకు చదివించుకున్నాననుకున్నావు? ఆ మాట కోసం. లేదు."

ఇరవై రెండేళ్ళు. ఎన్ని సమీక్షలు, ఎన్ని సభలు, ఎందరు పండితులు. ఎవరికీ పట్టలేదు. తనకి అసలే పట్టలేదు.

పిన్ని గొంతు పెంచలేదు. అదే ఇంకా భరించలేనట్టుగా ఉంది. "నీకు తొమ్మిదేళ్ళు. నేను పనిచేసే మేడింట్లో వాళ్ళ పిల్లలతో ఆడుకుంటున్నావు. వాళ్ళ గడియారం కనబడలేదు. పెద్దవాళ్ళు ఏమీ అనకముందే పిల్లలు నా సంచి లాగి గుమ్మరించారు. సగం కొరికిన బిస్కెట్లు. వాళ్ళు తిని వదిలేసినవి. ఎవరికోసం దాచానో నీకు తెలుసు. వాళ్ళు నవ్వారు. వాళ్ళ పక్కన నిలబడి నువ్వూ నవ్వావు. గిన్నెల దగ్గర కూర్చుని నిన్ను చూడాలనుకున్నాను. చూడలేకపోయాను. తల దించుకుని తోముకున్నాను."

గేటులోంచి కారు హారను వినబడింది. డ్రైవరు వచ్చి నిలబడితే, పిన్ని చెయ్యి ఊపి పంపేసింది.

మూడు రోజులుగా ఊరందరి మీదా ఎగిరిన మీటరమ్మ కోపానికి ఇప్పుడు వెళ్ళడానికి ఎక్కడా చోటు లేకుండా పోయింది. డైరెక్టరుకి ఆ దారి చూపింది తనే. తను నవ్వుతూ తలుపు తీసి పెట్టింది, వాళ్ళు సామాను దించుకున్నారు.

"అయితే సంతకం పెట్టమంటావా?" అని అడిగింది. "నీకు ఆ సినిమాయే నచ్చితే?"

పిన్ని ఆలోచించింది. "నాకు నచ్చింది. కానీ ఈ సినిమా చూసిన పిల్లలు ఇంటికెళ్ళి వాళ్ళ వంటింట్లో గిన్నెలు తోమే మనిషిని ఎలా చూస్తారు? అందరికీ ఆ చూపు రాదే. చాలామంది నాలాగా తల దించుకునేవాళ్ళే." మోకాళ్ళు రాసుకుంటూ లేచింది. "పెట్టకు. అలాగని నువ్వు రాసింది గొప్పదనీ అనుకోకు."

---

శుక్రవారం పని మధ్యలో, కొక్కెం చేతిలో పట్టుకునే డైరెక్టరు ఆఫీసుకి వెళ్ళింది. కాగితం బల్ల మీద పెట్టింది. కింద గీత ఖాళీగానే ఉంది.

"మీ పేరు లేకుండానే విడుదలవుతుందండీ" అన్నాడు డైరెక్టరు. గొంతులో బెదిరింపు లేదు, అలసట ఉంది.

"అవనివ్వండి. సినిమా మీది, చైర్మన్‌గారిది. నా పేరు నాకుండనివ్వండి. అది కడుక్కోవాల్సిన పని నాకు వేరే ఉంది."

గట్టిగా తిడదామనే వచ్చింది. మెట్లు ఎక్కేటప్పుడు మాటలన్నీ వరసగా పేర్చుకుంది. తీరా ఎదురుగా నిలబడ్డాక, ఆ మాటల్లో సగం తనకే తగులుతాయని తోచి మింగేసింది. ఆ వీధిలో ఇంకా పన్నెండు మీటర్లు చూడాల్సినవి ఉన్నాయి. వెళ్ళి చూసింది.

పబ్లిషరుకి ఫోన్ చేస్తే ఆయన నిట్టూర్చాడు. అట్ట పక్కన పెట్టేస్తానన్నాడు. ఇంకెప్పుడైనా వీలుంటే చూద్దామన్నాడు. అలాంటి 'ఇంకెప్పుడైనా' ఎప్పుడొస్తుందో ఇద్దరికీ తెలుసు.

"పోనీండి. ఎప్పుడు వేసినా పాత ప్రతి వెయ్యకండి. పదకొండో అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను" అంది మీటరమ్మ.

"అదే కదమ్మా పిల్లలకి ప్రాణం! బిస్కెట్ల పాట!"

"అదేనండీ."

ఆదివారం పొద్దున వంటింట్లో కూర్చుని రాసింది. పిన్ని కిటికీ దగ్గర కూరలు తరుగుతోంది. మీటరమ్మ ఒక పేజీ రాసి చదివి వినిపించింది. అందులో కథలోని పిల్ల, అంటే మీటర్లు చూసే ఆవిడ కూతురు, గిన్నెలత్త కాళ్ళ మీద పడి బోరుమని ఏడుస్తుంది.

"పిల్లలు అలా పడరే. నాటకంలో పడతారు" అంది పిన్ని.

రెండోది రాసింది. అందులో పిల్ల తను దాచుకున్న మిఠాయిలన్నీ తెచ్చి గిన్నెలత్త ఒళ్ళో పోస్తుంది.

"నాకెందుకవి? సంచి గుమ్మరించినదానికి మిఠాయిలు సరిపోతాయా? లంచంలా ఉంది."

మూడోదాంట్లో పిల్లకి పేజీన్నర ఉపన్యాసం రాసింది. కష్టజీవుల గురించీ, గౌరవం గురించీ మంచి మంచి మాటలు పడ్డాయి. సగంలోనే పిన్ని కత్తిపీట పక్కన పెట్టేసింది.

"ఎవరే ఈ పిల్ల? సభలో మాట్లాడుతోందా? తొమ్మిదేళ్ళదానికి ఇన్ని మాటలెక్కడివి?"

మీటరమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "అయితే ఏం రాయమంటావు? నువ్వే చెప్పు! ఏం రాసినా తప్పంటావు!"

"నన్నడుగుతావేంటి? నవ్వింది నేనా?"

కాగితం ముందుకి జరిపింది, వెనక్కి జరిపింది. కలం మూత పెట్టింది. తరిగిన కూరలు గిన్నెలో వేసుకుంటున్న ఆ చేతులవైపు చూసింది. వేళ్ళ కొసలు అరిగి నున్నగా ఉన్నాయి. రాయడానికి ఇక ఏమీ తోచలేదు. పీట జరుపుకుని పిన్ని ఎదురుగా కూర్చుంది.

"పిన్నీ, ఆ రోజు వాళ్ళతో కలిసి నేనూ నవ్వాను. ఆ బిస్కెట్లు నాకేనని తెలిసి కూడా నవ్వాను. నావని వాళ్ళకి తెలిస్తే నన్ను చూసి కూడా నవ్వుతారని భయమేసింది. తప్పయింది."

పిన్ని చేతులు ఆగాయి. తడిచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని మీటరమ్మవైపు చూసింది. మీటరమ్మ తల దించుకోకుండా ఉండటానికి చాలా కష్టపడింది. ఉంది.

"నలభై ఆరేళ్ళు పట్టింది నీకు" అంది చివరికి పిన్ని, మళ్ళీ కత్తిపీట దగ్గరికి లాక్కుంటూ. "పుస్తకంలో ఆ పిల్లని అన్నాళ్ళు ఆగనివ్వకు. ఆ పేజీలోనే చెప్పించు."